రూట్ కెనాల్ దాకా వచ్చిన పంటిని ఎలా గుర్తించాలి

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, వైట్‌ఫీల్డ్ ప్రాంతాలలో ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగువారిలో పంటినొప్పి విషయంలో ఒక అలవాటు తరచుగా కనబడుతుంది. నొప్పి లేచినప్పుడు మందుల షాపులో మాత్ర కొని వేసుకుంటారు, తగ్గితే మరచిపోతారు, మళ్లీ వస్తే సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు తెలిసిన డాక్టరుకు చూపించుకుందాంలే అనుకుంటారు. ఈ వాయిదాకు పన్ను కూడా తోడ్పడుతుంది, ఎందుకంటే లోపలి నరం పూర్తిగా చచ్చిపోయిన రోజున నొప్పి దానంతటదే ఆగిపోతుంది. ఆ ఊరటను చాలామంది స్వస్థత అనుకుంటారు. నొప్పి తీవ్రతకన్నా అది ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఎలా ఆగింది అన్న మూడు సంగతులే పంటి లోపలి పరిస్థితిని ఎక్కువగా తెలియజేస్తాయి. వాటిని మీరే ఇంటి దగ్గర గమనించి, మీ పన్ను సిమెంటుతో బాగుపడే దశలో ఉందా, రూట్ కెనాల్ దాకా వచ్చిందా, లేక వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన స్థితిలో ఉందా అని అంచనా వేసుకోవడం ఎలాగో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. తుది నిర్ధారణ దంతవైద్యుడిదే అయినా, మీరు చెప్పే వివరాలు స్పష్టంగా ఉంటే ఆ నిర్ధారణ అంత తొందరగానూ అంత కచ్చితంగానూ జరుగుతుంది.

ముందుగా పన్ను లోపల ఏముందో తెలుసుకోండి

పంటి పైపొర ఎనామెల్, దాని కింద డెంటిన్, ఆ రెంటి లోపల మెత్తటి మజ్జ ఉంటాయి. మనం వాడుకలో 'నరం' అనేది ఈ మజ్జనే. నిజానికి అందులో నరాలతో పాటు రక్తనాళాలు, కణజాలం కూడా ఉంటాయి. పంటి వేరు పొడవునా సాగే సన్నటి కాలువల ద్వారా ఇది దవడ ఎముకతో కలుస్తుంది. ఆ కాలువలే రూట్ కెనాల్స్. వాటిని శుభ్రం చేసి మూసేసే చికిత్సను కూడా వాడుకలో రూట్ కెనాల్ అనే అంటారు. పుచ్చు లోతుకు దిగినప్పుడో, పన్ను పగిలినప్పుడో, గట్టి దెబ్బ తగిలినప్పుడో మజ్జ వాస్తుంది. శరీరంలో మరెక్కడైనా వాపు వస్తే చర్మం సాగి చోటు ఇస్తుంది, కానీ పంటి గోడలు సాగవు కనుక ఒత్తిడి అంతా లోపలే పెరిగి నరాన్ని నొక్కుతుంది. వాపు తొలి దశలో ఉంటే పుచ్చు తీసి సిమెంటు పెట్టించినప్పుడు మజ్జ తిరిగి కోలుకుంటుంది. ఆ దశ దాటితే కోలుకోదు, క్రమంగా చచ్చిపోతుంది, ఆ తరువాత సూక్ష్మజీవులు వేరు కొన దాటి ఎముకలోకి చేరి చీము పడుతుంది. మీరు గమనించబోయే లక్షణాలన్నీ ఈ మూడు దశలలో ఏదో ఒకదానికి చెందినవే.

మొదటి పని: నొప్పి ఎంతసేపు నిలుస్తోందో లెక్కపెట్టండి

ఫ్రిజ్‌లోని చల్లటి నీళ్లు కొద్దిగా నోట్లోకి తీసుకుని, అనుమానం ఉన్న వైపు పళ్లకు తగిలేలా కొన్ని సెకన్లు ఉంచి మింగేయండి. తరువాత గడియారం చూడండి. ఇదే పరీక్షను బాగున్న వైపు కూడా చేసి పోల్చుకోండి, ఎందుకంటే చల్లటి నీళ్లకు అసలే ఏమీ అనిపించకపోవడం కూడా కొందరికి సహజమే, కొంచెం జివ్వుమనడం మరికొందరికి సహజమే. పన్ను చురుక్కుమని, నీళ్లు మింగిన రెండు మూడు సెకన్లలోనే ఆ బాధ పూర్తిగా పోతే మజ్జ ఇంకా బతికి కోలుకునే స్థితిలో ఉందని, లేదా చిగురు కిందికి జారి వేరు బయటపడటం వల్లనో ఎనామెల్ అరగడం వల్లనో జివ్వుమంటోందని భావించవచ్చు. అలా కాక, నీళ్లు మింగేశాక కూడా నొప్పి అర నిమిషం దాటి సాగుతూ, మెల్లగా పెద్దదై, పన్నంతా గుంజినట్లు ఉంటే అది మజ్జ కోలుకోలేని దశకు చేరిందనడానికి గట్టి సూచన. దంతవైద్యులు క్లినిక్‌లో చల్లటి స్ప్రేను దూదికి పట్టించి పంటికి ఆనించి చేసే పరీక్ష సూత్రం కూడా ఇదే.

వేడి విషయం వేరు. వేడినీళ్లు పోసుకుని పరీక్షలు చేయవలసిన అవసరం లేదు. ఏ దర్శిని హోటల్లోనో నిలబడి ఫిల్టర్ కాఫీ తాగినప్పుడు ఏం జరుగుతోందో గుర్తుంచుకుంటే చాలు. మొదట చల్లదనానికి మాత్రమే బాధపెట్టిన పన్ను కొన్ని రోజుల తరువాత వేడికి పోటెత్తడం మొదలుపెడితే లోపలి పరిస్థితి ముదిరిందని అర్థం. ఈ దశలో ఒక విచిత్రం కూడా జరుగుతుంది: ఇంతవరకు చల్లటి నీళ్లంటే భయపడిన మనిషే, చల్లటి నీళ్లు పుక్కిట పట్టుకుంటేనే నొప్పి ఆగుతోందని సీసా చేత పట్టుకుని తిరుగుతాడు. చచ్చిపోతున్న మజ్జకు చెందిన స్పష్టమైన లక్షణాలలో ఇది ఒకటి. ఇటువంటి రోగి క్లినిక్‌లో అడుగు పెట్టగానే అనుభవం ఉన్న దంతవైద్యుడు సగం రోగనిర్ధారణ చేసేస్తాడు.

మూడో సంగతి ఏమిటంటే, ఏమీ తినకుండా తాగకుండా ఉన్నప్పుడు కూడా నొప్పి దానంతటదే లేస్తోందా అన్నది. తీపి తిన్నప్పుడో, ఐస్‌క్రీమ్ కొరికినప్పుడో మాత్రమే వచ్చే నొప్పికి ఒక కారణం ఎదురుగా ఉంటుంది. ఏ కారణమూ లేకుండా మీటింగ్ మధ్యలో సలుపు మొదలవడం, రాత్రి పడుకోగానే పోటు ఎక్కువై లేచి కూర్చుంటే కాస్త నెమ్మదించడం, నిద్రలోంచి నొప్పితో మెలకువ రావడం చూస్తే సిమెంటుతో సరిపోతుందన్న ఆశ వదులుకోవచ్చు. పడుకున్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి పెరగడం వల్ల, ముందే బిగిసి ఉన్న మజ్జలో బాధ మరింత పెరుగుతుంది. తల కింద రెండు దిండ్లు పెట్టుకుంటేనే నిద్ర పడుతోందంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఇది చిన్న విషయంగా కనిపించినా నిర్ధారణకు బాగా పనికివచ్చే సమాచారం.

ఈ మూడింటినీ ఫోనులో తేదీ, వేళతో సహా రాసుకోండి. మాత్ర వేసుకుని ఉంటే ఏ మాత్ర, ఎన్ని గంటలకు అన్నది కూడా రాయండి.

రెండో పని: ఏ పన్నో తేల్చుకోవడానికి ప్రయత్నించండి, తేలకపోతే పట్టుబట్టకండి

మజ్జలోని నరాలకు నొప్పి తెలుస్తుంది గానీ చోటు సరిగ్గా తెలియదు. అందుకే వాపు పంటి లోపలే ఉన్నంతకాలం పై పన్నో కింది పన్నో కూడా చెప్పలేని పరిస్థితి ఏర్పడుతుంది. కింది దవడ పన్ను నొప్పి చెవిలోకి, పై దవడ పన్ను నొప్పి కణతలోకి పాకడం మామూలే. చెవిపోటు అనుకుని చెవి డాక్టరు దగ్గరకు వెళ్లి, అక్కడినుంచి దంతవైద్యుడి దగ్గరకు పంపబడేవారు తక్కువేమీ కాదు. ఇలా పాకే నొప్పి సాధారణంగా ముఖంలో ఒకే పక్కన ఉంటుంది. కుడి పన్ను చెడి ఎడమ పక్క నొప్పి పుట్టదు.

సూక్ష్మజీవులు వేరు కొన దాటి బయటకు వచ్చాక సంగతి మారుతుంది. పంటిని ఎముకకు పట్టి ఉంచే పొరకు ఒత్తిడిని, చోటును పసిగట్టే శక్తి ఉంది కనుక ఆ దశలో మీరు వేలు పెట్టి 'ఇదే పన్ను' అని చూపించగలుగుతారు. చెంచా కాడతో అనుమానం లేని పంటిని ముందు మెల్లగా తట్టండి, తరువాత పక్కదాన్ని, చివరకు అనుమానం ఉన్నదాన్ని తట్టండి. తేడా వెంటనే తెలుస్తుంది. పన్ను కొద్దిగా పైకి లేచినట్లు, నోరు మూసినప్పుడు మిగిలినవాటికన్నా ముందు అదే తగులుతున్నట్లు అనిపించడం కూడా వేరు కొన దగ్గర వాపు ఉందనడానికి గుర్తు.

కొరికినప్పుడు వచ్చే నొప్పిలో మరొక భేదం ఉంది. నొక్కినప్పుడు నొప్పి వస్తే వేరు దగ్గర వాపు ఉండవచ్చు. నొక్కి వదిలిన క్షణంలో చురుక్కుమంటే పంటికి కంటికి కనబడని పగులు ఉండే అవకాశం ఎక్కువ. సకినాలు, గట్టి చెక్కలు కొరికిన రోజునుంచో, అన్నంలో రాయి పడిన పూటనుంచో, వక్క నమిలే అలవాటు ఉన్నవారిలోనో ఇది కనబడుతుంది. పగిలిన పన్ను ఎక్స్‌రేలో తరచుగా మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి 'ఎక్స్‌రేలో ఏమీ లేదు' అన్న ఒక్క మాటతో ఊరుకోకుండా, ఫలానా వైపు కొరికి వదిలినప్పుడు నొప్పి వస్తోందని నొక్కి చెప్పండి. పగులు మజ్జదాకా వెళ్లకముందే క్యాప్ వేస్తే రూట్ కెనాల్ తప్పే సందర్భాలు ఉన్నాయి.

మూడో పని: అద్దం ముందు నిలబడి ఫోన్ టార్చ్‌తో చూడండి

చూడవలసినవి రెండే. మొదటిది చిగురు మీద, పంటి వేరు ఉండే ఎత్తులో, చిన్న మొటిమలాంటి చీముపొక్కు. అది పగిలి కొద్దిగా ఉప్పగానో చేదుగానో రసి కారి, కొన్నాళ్లు కనబడకుండా పోయి, మళ్లీ అదే చోట లేస్తుంది. నొప్పి ఉండదు, ఎందుకంటే చీము బయటకు పోయే దారి దొరికింది. దాన్ని వేడి చేసిన గింజ అనుకుని నెలల తరబడి వదిలేసేవారు చాలామంది. దాన్ని గిల్లకండి, సూదితో గుచ్చకండి. పొక్కు ఉన్న చోటికి ఎదురుగా ఉన్న పన్నే దోషి అని కూడా అనుకోనక్కరలేదు. క్లినిక్‌లో ఆ రంధ్రంలోకి గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో చేసిన సన్నటి పుల్లను పోనిచ్చి ఎక్స్‌రే తీస్తే అది ఏ వేరు దగ్గరకు పోతోందో స్పష్టంగా కనబడుతుంది.

రెండోది రంగు. ఒకే ఒక్క పన్ను పక్కవాటికన్నా బూడిద రంగులోకి మారితే, ముఖ్యంగా అది ముందు పన్నైతే, ఎప్పుడైనా దెబ్బ తగిలిందేమో గుర్తుచేసుకోండి. గుంతలో పడి బండి మీదనుంచి పడటం, చిన్నప్పుడు క్రికెట్ బంతి తగలడం వంటివి మరచిపోయిన ఎన్నో ఏళ్ల తరువాత కూడా మజ్జ చచ్చిపోయిన సంగతి ఇలా బయటపడుతుంది. రంగు పసుపుగా మారితే మాత్రం కాలువ లోపల గట్టి పదార్థం పేరుకుని మూసుకుపోయి ఉండవచ్చు, దానికి ప్రతిసారీ రూట్ కెనాల్ అక్కరలేదు. ఇక్కడ మనవాళ్ల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. నల్లగొండ, ప్రకాశం, అనంతపురం జిల్లాల పల్లెల్లోనూ, బెంగళూరుకు చేరువలోని కోలారు, చిక్కబళ్లాపుర ప్రాంతాలలోనూ భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు తాగుతూ పెరిగినవారి పళ్ల మీద గోధుమరంగు మచ్చలు చాలా పళ్లకు, కుడి ఎడమలు రెండు వైపులా ఉంటాయి. ఆ మచ్చలకు మజ్జ చావడానికి సంబంధం లేదు.

పిల్లల పాలపళ్లలో కూడా చీముపొక్కు కోసం చూడండి. ఎలాగూ ఊడిపోయే పన్నే కదా అన్న మాట వినబడుతుంది గానీ, పాల దవడ పళ్లు పదీ పన్నెండేళ్ల వయసుదాకా ఉండవలసినవి, వాటి వేళ్ల కిందే శాశ్వత పళ్లు తయారవుతుంటాయి.

నొప్పి ఆగిపోయినప్పుడు ఏం చేయాలి

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు, అందరూ దాటవేసేదీ ఇదే. వారం రోజులు నిద్రపోనివ్వని పన్ను ఒక పొద్దున హఠాత్తుగా నిశ్శబ్దమైతే, మళ్లీ చల్లటి నీళ్ల పరీక్ష చేయండి. ఇంతకుముందు చల్లదనానికి విలవిలలాడిన పన్ను ఇప్పుడు ఏమాత్రం స్పందించకపోతే అది బాగుపడిందని కాక, స్పందించడానికి లోపల ప్రాణమున్న మజ్జ మిగలలేదని అనుకోవాలి. చికిత్స ఏదీ జరగకుండా, పుచ్చు అలాగే ఉండగా నొప్పి ఒక్కటే మాయమవడానికి వేరే సంతోషకరమైన కారణం దాదాపు ఉండదు. రక్తప్రసరణ లేని ఆ కాలువలలో సూక్ష్మజీవులు వారాలో నెలలో పెరిగి, వేరు కొన దగ్గర ఎముకను కరిగిస్తాయి. ఆ తరువాత వచ్చేది వేడి చల్లదనాల నొప్పి కాదు. నమిలినప్పటి నొప్పి, చిగురు వాపు, చీము. కొందరిలో అదీ లేకుండా, వేరే పంటికోసం తీసిన ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర నల్లటి గుండ్రని నీడగా బయటపడుతుంది.

యాంటీబయాటిక్ మాత్రలు ఈ పనిని ఎందుకు చేయలేవో కూడా ఇక్కడే తెలుస్తుంది. మందు రక్తం ద్వారా ప్రయాణించాలి, చచ్చిన మజ్జకు రక్తం అందదు. వాపు మాత్రమే ఉన్న దశలోనైతే యాంటీబయాటిక్ నొప్పిని సైతం తగ్గించదు. 1965లో కాకెహాషి అనే పరిశోధకుడి బృందం చేసిన ప్రసిద్ధ ప్రయోగంలో, సూక్ష్మజీవులు లేని వాతావరణంలో పెరిగిన ఎలుకల పళ్లలో మజ్జను తెరిచి వదిలేసినా అది బతికి తనను తాను మూసుకునే ప్రయత్నం చేసింది, మామూలు ఎలుకల్లో మాత్రం చచ్చి చీము పట్టింది. కాలువను శుభ్రం చేసి మూసేయడమే రూట్ కెనాల్ చికిత్స సారాంశం కావడానికి ఇటువంటి పరిశీలనలే ఆధారం. కనుక మెడికల్ షాపులో అయిదు రోజుల కోర్సు అడిగి తెచ్చుకోవడం డబ్బు దండగ మాత్రమే కాదు, పంటిని మరింత చెడనిచ్చే గడువు కూడా.

పంటిది కాని నొప్పిని వేరుచేయండి

పై దవడ పళ్ల వేళ్లకు చాలా దగ్గరగా సైనస్ గది ఉంటుంది. జలుబు చేసిన తరువాత ఒకే పన్ను కాకుండా పై వరుసలో మూడు నాలుగు పళ్లు కలిసి నొస్తుంటే, వంగి చెప్పుల బకిల్ పెట్టుకునేటప్పుడు బరువెక్కినట్లు ఉంటే అది సైనస్ నొప్పి కావచ్చు. దీనికి తిరగేసిన పరిస్థితి కూడా ఉంది: పై దవడ పన్ను వేరు దగ్గరి చీము సైనస్‌లోకి చేరి, ముక్కు ఒక పక్కనుంచే దుర్వాసనతో కారుతుంది. ఎన్నాళ్లు మందులు వాడినా తగ్గని ఒకపక్క సైనస్ ఉన్నవారు పళ్లకు ఎక్స్‌రే తీయించుకోవడం మంచిది. జ్ఞానదంతం దగ్గర చిగురు వాచి నోరు తెరవలేకపోవడం, దవడ కీలు నొప్పి, ముఖం మీద గాలి తగిలినా కరెంటు షాకులా క్షణకాలం కొట్టే నరాల నొప్పి వేరే కథలు. మెట్లెక్కినప్పుడో వేగంగా నడిచినప్పుడో కింది దవడలో నొప్పి వచ్చి, ఆగి నిలబడితే తగ్గుతుంటే, చెమటతో పాటు ఆయాసం కూడా ఉంటే అది గుండెకు సంబంధించినది కావచ్చు. అప్పుడు దంతవైద్యుడికోసం వెతకకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవి కనబడితే ఆగకండి

పంటినుంచి మొదలైన వాపు చెంప మీదుగా కంటివైపుకో, దవడ కిందనుంచి మెడవైపుకో పాకుతున్నప్పుడు, నాలుక కింద భాగం గట్టిపడి నాలుక పైకి లేస్తున్నప్పుడు, మింగడం కష్టమై చొంగ కారుతున్నప్పుడు, గొంతు మారి మాట ముద్దగా వస్తున్నప్పుడు, నోరు వేలెడు కూడా తెరుచుకోనప్పుడు, జ్వరం చలి పట్టుకున్నప్పుడు అది క్లినిక్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడవలసిన విషయం కాదు. రెండు పక్కలా దవడ కింద వ్యాపించే ఇన్ఫెక్షన్ వాపును లుడ్విగ్ ఆంజైనా అంటారు. జర్మన్ వైద్యుడు లుడ్విగ్ 1836లో వర్ణించిన ఈ స్థితిలో ఊపిరి దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. 108కి ఫోన్ చేయండి, లేదా క్యాజువాలిటీ ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. చక్కెర వ్యాధి ఉన్నవారిలో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలో ఇది వేగంగా ముదురుతుంది కాబట్టి వారు చిన్న వాపును కూడా తేలికగా తీసుకోకూడదు.

డాక్టరును కలిసేలోగా

గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించవచ్చు. లవంగనూనె చుక్కను దూదికి అద్ది పుచ్చులో పెడితే కాసేపు ఉపశమనం ఉంటుంది, అయితే చిగురుకు తగిలితే మండుతుంది. నొప్పి మాత్రను పొడిచేసి పంటి పక్కన పెట్టడం, పొగాకు నొక్కిపెట్టడం, బయటనుంచి చెంపకు కాపడం పెట్టడం మానండి. మొదటి రెండింటితో చిగురు కాలి పుండు పడుతుంది, కాపడంతో వాపు ఎక్కువవుతుంది. పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ పెద్దవారికి పంటినొప్పిలో బాగా పనిచేసే మందులే అయినా, రెండూ కలిసిన మాత్ర వేసుకుంటూ విడిగా పారాసెటమాల్ కూడా వేసుకుంటే మోతాదు తెలియకుండానే మించిపోతుంది. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, ఉబ్బసం ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు ఐబూప్రొఫెన్‌ను డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. వానాకాలంలో బెంగళూరులో డెంగీ ప్రబలుతుంది గనుక, పంటినొప్పితో పాటు జ్వరం కూడా ఉంటే ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి పోకండి.

గర్భం ఉన్నంత మాత్రాన చికిత్స వాయిదా వేయనక్కరలేదు. నాలుగో నెలనుంచి ఆరో నెల వరకు పంటి చికిత్సకు అనువైన కాలం, చీము పడితే ఏ నెలైనా చూపించుకోవలసిందే.

వీలైతే అపాయింట్‌మెంట్‌కు ముందు కొన్ని గంటలు నొప్పి మాత్ర వేసుకోకుండా వెళ్లండి. మాత్ర ప్రభావంలో ఉన్న పన్ను పరీక్షలకు సరిగా బదులివ్వదు.

క్లినిక్‌లో ఏం జరగాలి, ఏం అడగాలి

సరైన నిర్ధారణకు ఎక్స్‌రే ఒక్కటే చాలదు. చల్లదనం పరీక్ష, తట్టి చూడటం, చిగురును వేలితో నొక్కి చూడటం, సన్నటి పరికరంతో చిగురు చుట్టూ లోతు కొలవడం, కొరికించి చూడటం అన్నీ కలిస్తేనే నిర్ధారణ నిలుస్తుంది. ఎముకలో కొంత భాగం కరిగితే తప్ప ఎక్స్‌రేలో నీడ కనబడదు కాబట్టి తొలి దశలో ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నా మజ్జ చెడి ఉండవచ్చు. అలాగే పుచ్చు లోతుగా ఉందని ఎక్స్‌రేలో కనబడినంత మాత్రాన రూట్ కెనాల్ తప్పనిసరి కాదు. నొప్పి లేక, చల్లదనానికి మామూలుగా స్పందించే పంటికి మజ్జను కాపాడే చికిత్స వీలవుతుందేమో అడగండి. చెకప్‌కు వెళ్లినవారికి ఒక్క ఎక్స్‌రే చూసి ఒకేసారి నాలుగైదు పళ్లకు రూట్ కెనాల్ చెబితే, ఒక్కొక్క పంటికి ఏ పరీక్షలో ఏం తేలిందని మర్యాదగా అడగడం మీ హక్కు. సమాధానం తృప్తిగా లేకపోతే ఎక్స్‌రే కాపీ తీసుకుని, ఎండోడాంటిక్స్‌లో, అంటే రూట్ కెనాల్ చికిత్సల విభాగంలో, ఎం.డి.ఎస్. అనే పీజీ చేసిన వైద్యుడి అభిప్రాయం తీసుకోండి. వాపు, చీము ఉన్న పంటికి మాత్రం రెండో అభిప్రాయం పేరుతో వారాలు గడపవద్దు.

చీటీ మీద '46' అనో '26' అనో రాసి ఉంటే కంగారుపడకండి. మొదటి అంకె నోటిలోని నాలుగు భాగాలను సూచిస్తుంది: మీ పై కుడివైపు 1, పై ఎడమ 2, కింద ఎడమ 3, కింద కుడి 4. రెండో అంకె ముందు మధ్యనుంచి వెనక్కి లెక్క. 46 అంటే కింది కుడివైపు, ఆరేళ్ల వయసులో వచ్చే మొదటి దవడ పన్ను. ఊరికీ బెంగళూరుకూ మధ్య తిరిగేవారికి ఈ అంకె, ఎక్స్‌రే కాపీ ఉంటే ఎక్కడి డాక్టరైనా చికిత్సను కొనసాగించగలడు.

ఖర్చు భారమనుకునేవారికి, కె.ఆర్. మార్కెట్ దగ్గర విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. నగరంలోని ప్రైవేటు దంత కళాశాలల్లో కూడా పీజీ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో క్లినిక్‌లకన్నా తక్కువ రుసుముతో చికిత్స చేస్తారు. ఒకటికి రెండుసార్లు తిరగవలసి ఉంటుంది, ఉదయమే వెళ్లాలి, కానీ పని శ్రద్ధగా జరుగుతుంది. అక్కడ కన్నడంలో చెప్పవలసి వస్తే 'హల్లు నోవు', 'ఒసడు ఊదికొండిదె', 'కీవు బర్తిదె' అంటే పంటినొప్పి, చిగురు వాచింది, చీము వస్తోంది అని అర్థమవుతుంది.

రూట్ కెనాల్ అయిన పన్ను మళ్లీ చెడితే

చికిత్స తరువాత రెండు మూడు రోజులు, కొందరికి వారం వరకు నమిలినప్పుడు నొప్పి ఉండటం సహజం. అది రోజురోజుకూ తగ్గుతూ ఉండాలి. తగ్గకుండా పెరుగుతున్నా, వాపు వచ్చినా వెంటనే వెళ్లండి. కొత్తగా పెట్టిన సిమెంటు కొంచెం ఎత్తుగా ఉన్నా ఆ పంటికే ముందు దెబ్బ తగిలి నొప్పి పుడుతుంది, దాన్ని అయిదు నిమిషాలలో అరగదీసి సరిచేస్తారు. చికిత్స సగంలో నొప్పి పోయిందని తాత్కాలిక సిమెంటుతో పండక్కి ఊరు వెళ్లి నెలల తరబడి తిరిగి రాకపోవడం, దవడ పంటికి క్యాప్ వేయించకపోవడం, ఈ రెండే నేను గమనించినంతలో పూర్తయిన పనిని పాడుచేసే ప్రధాన కారణాలు. తాత్కాలిక సిమెంటు కొన్ని వారాలకే వదులై లాలాజలం లోపలికి దిగుతుంది. క్యాప్ లేని దవడ పన్ను నిలువునా చీలిపోతే ఇక పీకించుకోవడమే దారి.

ఏళ్ల తరువాత చెడే పన్ను వేరే లక్షణాలు చూపిస్తుంది. నరం లేదు కనుక వేడి చల్లదనాలకు నొప్పి ఉండకూడదు. ఉంటే ఎక్కువసార్లు అది పక్క పంటిది, అరుదుగా శుభ్రం చేయకుండా మిగిలిపోయిన కాలువది. పై దవడలోని మొదటి దవడ పంటికి మూడు వేళ్లున్నా నాలుగో కాలువ ఉండటం చాలా మామూలు, అది సన్నగా దాగి ఉంటుంది కాబట్టి దొరకకుండా పోవచ్చు. నమిలితే బరువుగా ఉండటం, చిగురు మీద చీముపొక్కు లేవడం, వాపు వచ్చి పోతుండటం, క్యాప్ వదులై దాని కిందనుంచి చెడు రుచి రావడం మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చిందనడానికి గుర్తులు. పంటి చుట్టూ ఒకే ఒక్క చోట చిగురు లోతుగా విడిపోయి ఉంటే వేరు నిలువునా చీలి ఉండవచ్చు. ఇలాంటి సందర్భాలలో సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ ఎక్స్‌రేకన్నా ఎక్కువ చూపిస్తుంది, అయినా అన్ని చీలికలూ అందులోనూ కనబడవు. చీలిక లేకపోతే పాత పూరకాన్ని తీసి మళ్లీ రూట్ కెనాల్ చేయడం, అది వీలుకాకపోతే చిగురు తెరిచి వేరు కొనను కోసి మూసేయడం మిగిలిన మార్గాలు.

నొప్పి లేకపోయినా చికిత్స అయిన ఏడాదికి ఒకసారి ఎక్స్‌రే తీయించుకోండి. వేరు కొన దగ్గర నల్లటి నీడ ఉండి చికిత్స మొదలుపెట్టిన పంటికైతే ఎముక తిరిగి పూడుకోవడానికి నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది. పాత ఎక్స్‌రే పక్కన కొత్తది పెట్టి చూసినప్పుడే నీడ చిన్నదవుతోందో పెద్దదవుతోందో తేలుతుంది కాబట్టి మొదటి రోజు తీసిన కాపీని ఫోనులో భద్రపరచుకోండి.